బైకాల్ చూడబోతున్న మేనకోడలికి

చిట్టికి,

మావయ్య దీవెనలు. మార్చి మొదటివారంలో ఫ్రెండ్స్‌తో రష్యాలోని బైకాల్ సరస్సుకు వెళ్తున్నామని నువ్వు ఫోన్లో చెప్పిన దగ్గర్నుంచీ నాకు అదే ధ్యాస. మీ అమ్మకేమో ఒకటే టెన్షన్. నేను ఒకసారి వెళ్లొచ్చినవాణ్ణి కాబట్టి నాకు తెలిసింది రాస్తున్నాను.

అన్నీ చుట్టేద్దామని మాత్రం బయల్దేరకండి. ఆ సరస్సు పొడవే 636 కిలోమీటర్లు, ఇంచుమించు హైదరాబాద్ నుంచి విశాఖకు వెళ్లినంత. ఇర్కుట్స్క్‌లో దిగి, అక్కడికి 70 కిలోమీటర్లలో ఉన్న లిస్త్‌వ్యాంకాలో ఒక రోజు గడపండి. తర్వాత ఓల్ఖోన్ దీవికి వెళ్లి మూడు రాత్రులు అక్కడే ఉండండి. చాలు.

లిస్త్‌వ్యాంకా దగ్గర అంగారా నది మొదలవుతుంది. మూడొందలకు పైగా ఏరులు బైకాల్‌లోకి వస్తాయి, బయటికి పోయేది ఇదొక్కటే. సరస్సంతా గడ్డకట్టినా ఆ మొదలు దగ్గర నీళ్లు గడ్డకట్టవు. అంత చలిలోనూ బాతులు ఈదుతుంటాయి. అక్కడి మ్యూజియం మానకు. సముద్రం ఎక్కడో ఉంటే మంచినీళ్లలో బతికే నెర్పా సీళ్లను చూడొచ్చు. గొలొమ్యాంకా చేప గురించీ అడుగు. ఒంట్లో మూడోవంతుకు పైగా కొవ్వే, పొలుసులుండవు, గుడ్లు పెట్టకుండా పిల్లల్నే కంటుంది. నువ్వు డాక్టరీ చదువుతున్నావు కదా, నీకు నచ్చుతుంది.

ముప్పై ఏళ్లు పిల్లలకు జాగ్రఫీ చెప్పాను. బైకాల్ అంటే "ప్రపంచంలోకెల్లా లోతైన సరస్సు, 1642 మీటర్లు" అని ఒక్క వాక్యం చెప్పి పేజీ తిప్పేసేవాణ్ణి. ఆ తప్పు నాకు ఓల్ఖోన్ దగ్గర తెలిసొచ్చింది. మంచు మీద బోర్లా పడుకుని, గ్లవ్‌తో పైపొడి తుడిచి, కళ్లకు చేతులు అడ్డం పెట్టుకుని కిందికి చూడు. నేనలాగే చూశాను. అడుగు నుంచి లేచిన మీథేన్ బుడగలు, పళ్లేలు ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు మంచులోనే నిలిచిపోయి ఉన్నాయి. తెల్లటి పగుళ్లు నిలువుగా కిందికి దిగాయి. ఆ కింద అంతా నలుపు. ఒళ్లు జలదరించింది. పదినిమిషాలు లేవలేకపోయాను. ఫోటో తర్వాత తీసుకోవచ్చు, ముందు ఇది చెయ్యి.

మన కొల్లేరు చూశావుగా, చాలాచోట్ల మనిషి దిగి నిలబడొచ్చు. సరస్సు ఏదైనా ఏరులు తెచ్చే ఒండ్రుతో మెల్లగా పూడిపోవాల్సిందే. బైకాల్ మాత్రం దాదాపు రెండున్నర కోట్ల ఏళ్లుగా ఉంది. అక్కడ భూమి పైపొర రెండు పక్కలకీ విడిపోతోంది, అడుగు కుంగుతూనే ఉంది. కొన్నిచోట్ల ఏడు కిలోమీటర్ల మందాన ఒండ్రు పేరుకున్నా ఇంకా పూడలేదు. గడ్డకట్టని మంచినీళ్లలో భూమ్మీద మనకు కనిపించేదాంట్లో అయిదోవంతు ఈ ఒక్క సరస్సులోనే ఉంది. ఆ నీళ్లను వడగట్టి అంత తేటగా ఉంచే వాటిలో ముఖ్యమైనది ఎపిషురా అనే పురుగు. నువ్వుగింజంత కూడా ఉండదు.

జాగ్రత్తలు చెప్తాను. ప్రభుత్వం తెరిచిన మంచుదారి మీద తప్ప బండి ఎక్కొద్దు. ఆ దారిలో సీటుబెల్టు తీసేయమంటారు, మంచు విరిగితే వెంటనే బయటికి దూకడానికి. డ్రైవర్ చెప్పింది చెప్పినట్టు చెయ్యి. పెద్ద పగులు కనిపిస్తే దాటే ప్రయత్నం చెయ్యకు. ఫోన్ లోపలి జేబులో పెట్టుకో, చలికి బ్యాటరీ ఇట్టే అయిపోతుంది. రాత్రి మంచు కదిలినప్పుడు దూరంగా ఎవరో రోలు దొర్లించినట్టు మోగుతుంది. భయపడకు, చలికి బిగుసుకుని పగిలే చప్పుడది.

ఓల్ఖోన్‌లోని షమాన్ శిల, అక్కడి స్థానిక జాతివాళ్లు బుర్యాత్‌లకు పవిత్రమైన చోటు. ఎక్కకండి, అక్కడి స్తంభాలకు రిబ్బన్లు కట్టకండి. ఓముల్ చేప బాగా తగ్గిపోయిందని 2017లో వ్యాపారానికి పట్టడం నిషేధించారు. ఎక్కడిదో తెలియకుండా కొనొద్దు. టూరిస్టులు పెరిగి, ఒడ్డున ఉన్న ఊళ్ల మురుగు నీళ్లలోకి చేరి, తీరం వెంట స్పైరోగైరా నాచు పేరుకుంటోంది. దిగిన చోట నీళ్లు పొదుపుగా వాడండి, చెత్త మీతోనే తెచ్చేసుకోండి.

నాకు అక్కడి నుంచి ఏమీ తేవొద్దు, గులకరాయి కూడా. అంగారా దగ్గర ఎన్ని బాతులు కనిపించాయో లెక్కపెట్టి రాయి.

నీ మావయ్య