చెంప ఎముక విరిగితే ముందు కన్ను చూడు

చిరంజీవి మేనకోడలికి మావయ్య ఆశీస్సులు.

విశాఖ కేజీహెచ్ క్యాజువాలిటీలో నీకు నైట్ డ్యూటీలు పడ్డాయని అక్క చెప్పింది. గాజువాక, మద్దిలపాలెం వైపు నుంచి బైకు మీంచి పడ్డవాళ్లు ముఖం వాచి వస్తారు. చెంప ఎముక విరిగిన కేసు త్వరలోనే నీ చేతికొస్తుంది.

ఊపిరి, తల, మెడ చూశాక, చెంప ముట్టుకునే ముందే కన్ను చూడమ్మా. వాచిన రెప్పలు మెల్లగా విడదీసి, ఒక్కో కంటితో వేళ్లు లెక్కపెట్టించు. చూపు తగ్గుతూ, కన్ను ముందుకు పొడుచుకొచ్చి గట్టిపడుతుంటే వెనక రక్తం చేరుతోందని అర్థం. స్కాన్ కోసం ఆగకు. రాత్రి రెండైనా మొహమాటపడకుండా సీనియర్‌ని లేపు. కంటి బయటి కొన దగ్గర కోసి ఒత్తిడి వెంటనే దించాలి, గంటన్నర దాటితే చూపు తిరిగి రాకపోవచ్చు.

చెంప అణిగిందో లేదో వాపులో ఎదురుగా చూస్తే తెలియదు. పేషెంట్ తల వెనక నిలబడి, రెండు చెంపల మీదా చూపుడువేళ్లు ఆనించి పైనుంచి చూడు. కంటి కింది గట్టు వెంట తడిమితే విరిగినచోట మెట్టు తగులుతుంది. పైపెదవి, ముక్కు పక్క మొద్దుబారిందేమో అడిగి, ఆపరేషన్‌కి ముందే కేస్ షీట్‌లో రాయి. లేకపోతే దెబ్బతో వచ్చిన తిమ్మిరి నీ కత్తి వల్లే వచ్చిందంటారు. నోరు తెరుచుకోకపోతే చెంప పక్క వంపు ఎముక లోపలికి నొక్కుకుపోయి దవడకి అడ్డుపడి ఉండొచ్చు.

సీటీలో త్రీడీ బొమ్మ చూసి తృప్తిపడకు. కంటిగూటి అడుగు పగుళ్లు కరోనల్ కట్స్‌లోనే, అంటే ముఖాన్ని ఎదురుగా నిలువు పొరలుగా చూపే బొమ్మల్లోనే, బాగా తెలుస్తాయి.

ఎముక కదలక, ముఖం తీరు మారక, ఒకటి రెండుగా కనపడకపోతే ఆపరేషన్ వద్దు, ఇంట్లోవాళ్లు పట్టుబట్టినా సరే. చెయ్యాల్సొస్తే 5-7 రోజులు వాపు తగ్గనివ్వు, రెండు వారాలు మాత్రం దాటనివ్వకు. మూడు వారాలకి ఎముక వంకరగానే అతుక్కోవడం మొదలవుతుంది.

వంపు ఎముక ఒక్కటే అయితే గిలీస్ అనే సర్జన్ చెప్పిన 1927 నాటి పద్ధతి ఇప్పటికీ మంచిదే: కణత దగ్గర జుట్టులో చిన్న కోత పెట్టి లోపల్నుంచి ఎత్తడం. మొత్తం ఎముక కదిలితే ఒక్కచోట కుదిరిందని ప్లేటు బిగించెయ్యకు, అది మరోవైపు తిరిగిపోయి ఉంటుంది. కనుబొమ్మ చివర, కంటి గట్టు, పైదవడ మూడూ చూసుకో. నన్నడిగితే కంటిగూటి బయటి గోడలో, కంటిగూటి వెనకుండే స్ఫినాయిడ్ ఎముకతో కలిసేచోట కుదిరితేనే నిజంగా కూర్చున్నట్టు.

ముక్కు చీదవద్దనీ, ఆ పక్కకి పడుకోవద్దనీ పేషెంట్‌కీ, తోడున్నవాళ్లకీ చెప్పు. మత్తు దిగగానే చూపు పరీక్షించు. ఆ రాత్రి గంటగంటకీ టార్చి వేసి చూడమని సిస్టర్‌కి రాసివ్వు. కంట్లో నొప్పి పెరుగుతోందని కబురొస్తే ఫోన్‌లో ఇంజెక్షన్ చెప్పి ఊరుకోకు. నువ్వే వెళ్లి రెప్ప తీసి చూడు.

మీ మావయ్య