సభకెళ్తే ఉద్యోగం వస్తుందా?

ప్రశ్న: మా అమ్మాయి అమెరికాలో, జార్జియాలో ఇంగ్లిష్ సాహిత్యంలో పీహెచ్‌డీ రెండో ఏడాది చదువుతోంది. పద్దెనిమిదో శతాబ్దం మీద ఏదో ప్రాంతీయ సంఘం ఉందట. అందులో చేరి, వాళ్ల సభలో పేపర్ చదువుతానంటోంది. వచ్చే స్టైపెండే అంతంతమాత్రం. ఈ ఖర్చు చూస్తే నాకు టెన్షన్‌గా ఉంది. దీనివల్ల ఉద్యోగమేమైనా వస్తుందా? - ఒక తల్లి, గుంటూరు

జవాబు: సభకెళ్లినంత మాత్రాన రాదమ్మా. అయినా వెళ్లనివ్వండి.

అమెరికాలో ఈ శతాబ్దాన్ని చదివేవాళ్లకు 1969లో ఒక జాతీయ సంఘం ఏర్పడింది. దానికి అనుబంధంగా ప్రాంతాల వారీగా చిన్న సంఘాలున్నాయి. మీ అమ్మాయి చెప్పేది బహుశా ఆగ్నేయ రాష్ట్రాల సంఘం. సాహిత్యం వాళ్లే కాదు, చరిత్ర, సంగీతం, చిత్రకళ, తత్వశాస్త్రం చదివేవాళ్లూ వస్తారు. జాతీయ సభలో ఒకే సమయంలో ఎన్నో గదుల్లో చర్చలు నడుస్తుంటాయి, కొత్తవాళ్ల గదికి నలుగురు వస్తే గొప్ప. చిన్న సభలో అలా కాదు. తను ఎవరి పుస్తకం చదివి పేపర్ రాసిందో, ఆ ప్రొఫెసరే ఎదురుగా కూర్చుని ప్రశ్న అడగొచ్చు, మధ్యాహ్నం పక్కనే భోజనం చేయొచ్చు. రేపు రికమండేషన్ లెటర్లు ఇలాంటి పరిచయాల నుంచే వస్తాయి. ఈ సంఘాలు బహుమతులూ ఇస్తాయి. ఆగ్నేయ సంఘం మంచి వ్యాసానికి పెర్సీ ఆడమ్స్ బహుమతి ఇస్తుంది. పక్కనున్న ఈస్ట్-సెంట్రల్ సంఘం విద్యార్థుల పేపర్లకే మోలిన్ బహుమతి పెట్టింది.

నేనైతే ఖర్చు కన్నా ముందు పేపర్ దేని మీద అని అడుగుతాను. పద్దెనిమిదో శతాబ్దపు ఇంగ్లిష్ నవల మీద అక్కడ పుట్టి పెరిగినవాళ్లు వందల మంది రాస్తున్నారు. మన అమ్మాయికి తెలుగు చదవడం వచ్చు కదా, అది వాళ్లలో ఎందరికి వచ్చు? ఆ శతాబ్దంలో కోరమాండల్ తీరం, అంటే మన తూర్పు తీరం, అద్దకం బట్టలను లండన్ ఆడవాళ్లు ఎంత ఇష్టపడ్డారంటే, అక్కడి నేతగాళ్ల గొడవ తట్టుకోలేక 1721లో పార్లమెంటు అద్దకం నూలుబట్టలు కట్టడాన్నే నిషేధించింది. సామర్లకోటలో మొక్కలు పెంచిన వృక్షశాస్త్రవేత్త రాక్స్‌బర్గ్ మొక్కల బొమ్మల పుస్తకం 1795 నుంచి లండన్‌లో అచ్చయింది. ఈస్టిండియా కంపెనీ సర్వేయర్ మెకంజీ దొర కోసం కావలి బొర్రయ్య సోదరులు ఊరూరా తిరిగి సమాచారం పోగుచేశారు. ఆ సేకరణలోని కైఫీయతులను, అంటే ఊళ్ల చరిత్ర రాతలను, తెలుగులోనే చదవగలిగితే ఆ గదిలో ఆమె మాటకు విలువ వేరు. ఈ మాట గైడ్‌తో మాట్లాడి చూడమనండి.

డబ్బు సంగతి. టికెట్ కొనకముందే డిపార్ట్‌మెంట్‌లో ప్రయాణ ఖర్చులకు అర్జీ పెట్టాలి, కొన్నాక అడిగితే కుదరకపోవచ్చు. ఏడాదికి ఒక్క సభ చాలు. చదివిన పేపర్‌ని ఆరు నెలల్లో వ్యాసంగా మార్చి పత్రికకు పంపకపోతే మాత్రం అది విహారయాత్రే!

ఉద్యోగాల విషయం దాచను. అమెరికాలో ఇంగ్లిష్ శాఖల్లో పర్మనెంట్ పోస్టులు తక్కువ, పోటీ ఎక్కువ. అరుదైన పుస్తకాల గ్రంథాలయాలు, మ్యూజియంలు, పుస్తక ప్రచురణ కూడా ఇప్పటి నుంచే చూసుకోవాలి. తిరిగి వచ్చే ఆలోచన ఉంటే ఇంకోటి. యూజీసీ 2018 నిబంధనల ప్రకారం క్యూఎస్, టైమ్స్, షాంఘై ప్రపంచ ర్యాంకుల్లో ఏదో ఒకదానిలో ఎప్పుడైనా మొదటి 500లో ఉన్న విదేశీ యూనివర్సిటీ పీహెచ్‌డీ ఉంటే ఇక్కడ అసిస్టెంట్ ప్రొఫెసర్‌కు నెట్ పరీక్ష అక్కర్లేదు. వాళ్ల యూనివర్సిటీ ర్యాంకు ఉన్న పేజీని ఇప్పుడే ప్రింట్ తీసి పెట్టుకోమనండి.

అన్నట్టు, సభ జరిగేది రెండు మూడు రోజులే. వేసవికి ఇంటికి రావడానికి అదేం అడ్డు కాదమ్మా.