కోవిడ్ తగ్గి నాలుగు నెలలైనా తమ్ముడికి మతిమరుపు పోలేదన్న ప్రశ్నకు నా అనుభవం

కోవిడ్ తగ్గి నాలుగు నెలలైనా మీ తమ్ముడికి మాటలు గుర్తు రావడం లేదని, మొదలుపెట్టిన పని మధ్యలోనే వదిలేస్తున్నాడని, ఇంట్లో బద్ధకం అంటున్నారని రాశారు. ముందు ఇంట్లో ఆ మాట ఆపించండి. అది బద్ధకం కాదు. నేనూ అందులోంచి వచ్చినవాణ్ణే.

బేగంబజార్‌లో ఒక హోల్‌సేల్ దుకాణంలో లెక్కలు రాస్తాను. 2021 మేలో నాకు కోవిడ్ వచ్చి ఇంట్లోనే తగ్గింది. జూలైలో పనికి వెళ్తే, బిల్లు మీద చూసిన అంకె పుస్తకంలో ఎక్కించేలోపే మరచిపోయేవాణ్ణి. ఏళ్లుగా వచ్చే గిరాకీ ఎదురుగా నిలబడితే పేరు గుర్తొచ్చేది కాదు. బస్సులో కూర్చుని దిగాల్సిన స్టాపు దాటిపోయేవాణ్ణి. రాత్రిళ్లు నిద్ర లేదు, ఉద్యోగం పోతుందేమోనని టెన్షన్. ఇంట్లో చెప్పడానికి కూడా భయపడ్డాను.

మొదట చూపించుకున్న డాక్టరు రోజూ నడక పెంచుకుంటూ పొమ్మన్నారు. ఇందిరా పార్కులో నాలుగు రౌండ్లు వేసేవాణ్ణి. ఆ రోజు హుషారుగానే ఉండేది. మర్నాడో, ఆ తర్వాతి రోజో మంచం దిగలేకపోయేవాణ్ణి. ఆ నడకకూ ఈ నీరసానికీ ముడి ఉందని తెలియడానికి నెలన్నర పట్టింది. శ్రమ పడ్డాక 12 నుంచి 72 గంటల్లో ఒళ్లూ బుర్రా కూలబడటం కోవిడ్ తర్వాత మిగిలిపోయే ఈ జబ్బులో (లాంగ్ కోవిడ్) చాలామందికి ఉంటుందని, అలాంటివాళ్లు వ్యాయామం బలవంతంగా పెంచకూడదని తర్వాత చూసిన రీహాబిలిటేషన్ డాక్టరు (జబ్బు తర్వాత మళ్లీ కోలుకునేలా చేసే డాక్టరు) చెప్పారు. లెక్కలు చూడటం, ఫోన్లో వాదించడం కూడా శ్రమ కిందికే వస్తాయట.

ఆయన ముందుగా థైరాయిడ్, బి12 విటమిన్, హిమోగ్లోబిన్, షుగర్ పరీక్షలు చేయించారు. నాకు బి12 తక్కువగా ఉంది. ఇంజెక్షన్లతో కాస్త ఓపిక వచ్చింది కానీ మతిమరుపు అలాగే ఉంది. మీవాడికి కూడా ఈ పరీక్షలు తప్పకుండా చేయించండి. వేరే కారణం ఉంటే దాన్ని వదిలేయకూడదు.

నన్ను నిలబెట్టింది ఒక చిన్న నోటుబుక్కు. ఏ పని ఎంతసేపు చేశానో, మర్నాడు ఎలా ఉన్నానో రాసుకునేవాణ్ణి. ఇరవై నిమిషాల పని, పది నిమిషాలు కళ్లు మూసుకుని పడుకోవడం, ఆ పదిలో ఫోన్ ముట్టకపోవడం. అలసట వచ్చాక కాదు, రాకముందే ఆగాలి. అన్నిటికంటే కష్టం ఇదే, ఎందుకంటే బాగున్నప్పుడు ఆగబుద్ధి కాదు. కష్టమైన లెక్కలు పొద్దున్నే చూసేవాణ్ణి. అంకెలు పైకి చదువుతూ రాసేవాణ్ణి. పేపర్లో నాలుగు లైన్లు చదివి, మూసేసి, మా ఆవిడకు చెప్పేవాణ్ణి. సేఠ్ మూడు నెలలు పూటపని ఇచ్చారు, ఆ మేలు మరవలేను. రోజంతా పని చేయడానికి ఎనిమిది నెలలు పట్టింది. మధ్యలో రెండుసార్లు మళ్లీ మొదటికి వచ్చింది, అప్పుడు చాలా ఏడ్చాను.

మనసు కుంగితే దాన్ని విడిగా చూపించాలి. ఎర్రగడ్డ మానసిక ఆస్పత్రి పేరు వినగానే మనవాళ్లు సిగ్గుపడతారు, కానీ అక్కడి ఓపీకి మనలాంటివాళ్లే వస్తారు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కి ఎప్పుడైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడొచ్చు. చావు మాట ఎత్తినా, ఉన్నట్టుండి మూతి వంకరపోయినా, మాట తడబడినా, ఫిట్స్ వచ్చినా మాత్రం వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లండి.

రేపటి నుంచి రెండు వారాలు ఆ పుస్తకం మీ తమ్ముడితో రాయించండి. తను రాయలేకపోతే మీరు రాయండి. డాక్టరు దగ్గరికి దాన్ని పట్టుకునే వెళ్లండి, ఎందుకంటే ఆ గదిలో కూర్చున్నాక తనకు సగం గుర్తుండదు.