తాబేళ్ల కోసం అర్జీ ఎవరికి రాయాలి?

ప్రశ్న: నెల్లూరు నుంచి వచ్చి తిరువాన్మియూరులో స్థిరపడ్డాము. జనవరి, ఫిబ్రవరి నెలల్లో పొద్దున్నే ఒడ్డున నడుస్తుంటే చచ్చిపడిన తాబేళ్లు కనిపిస్తున్నాయి. సముద్రాన్ని కాపాడాలని కోరుతూ మా అపార్ట్‌మెంటు వాళ్లమంతా సంతకాలు చేసి ముఖ్యమంత్రిగారికి పంపాలనుకుంటున్నాము. ప్రయోజనం ఉంటుందా?
– ఒక పాఠకురాలు, చెన్నై

జవాబు: అమ్మా, సంతకాలు తప్పకుండా సేకరించండి; కానీ ‘సముద్రాన్ని కాపాడండి’ అని రాస్తే ఆ కాగితం ఏ అధికారి బల్ల మీదా నిలవదు, ఎందుకంటే అది ఫలానా వారి పని అని ఎవరికీ అనిపించదు. మీరు చూసినవి ఆలివ్ రిడ్లే తాబేళ్లు. ఊపిరి తీసుకోవడానికి ఇవి నీటి పైకి రావలసిందే. గుడ్లు పెట్టేందుకు ఒడ్డు దగ్గర తిరిగే ఈ నెలల్లో మరబోట్లు గంటల తరబడి ఈడ్చే ట్రాల్ వలల్లో చిక్కితే, పైకి రాలేక నీటిలోనే ఊపిరాడక చనిపోతాయి. ఒడ్డుకు కొట్టుకొచ్చిన కళేబరాల్లో కళ్లు బయటికి పొడుచుకొచ్చి, మెడ వాచి ఉండటాన్ని నిపుణులు ఇలాంటి మరణానికి గుర్తుగా చూస్తారు. 2025 జనవరిలో చెన్నై, చెంగల్పట్టు తీరాల్లో వందల సంఖ్యలో ఇలా కొట్టుకొచ్చినప్పుడు పర్యావరణ వివాదాలు చూసే జాతీయ హరిత ట్రిబ్యునల్ దక్షిణ మండల ధర్మాసనం తనంతట తానే విచారణ చేపట్టింది.

చట్టం లేక కాదు ఈ అవస్థ. ఈ తాబేలు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో, అంటే అత్యంత కఠినమైన రక్షణ ఉన్న జాబితాలో, ఉంది. తీరం నుంచి 5 నాటికల్ మైళ్లలోపు, అంటే సుమారు 9 కిలోమీటర్ల మేర, మరబోట్లు ట్రాల్ వేయకూడదని తమిళనాడు నిబంధన. తాబేలు తప్పించుకునే పరికరం కూడా ఉంది: వల చివర చేపలు పోగయ్యే సంచికి ముందు బిగించే లోహపు చట్రం అది, రొయ్యలు, చేపలు కమ్మీల సందుల్లోంచి సంచిలోకి పోతాయి, తాబేలు కమ్మీలకు తగిలి పక్కనున్న మూత గుండా బయటపడుతుంది. కొచ్చిలోని కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ మన వలలకు తగినట్లు దీన్ని రూపొందించింది. వేట తగ్గుతుందేమోనన్న భయంతో పడవల యజమానులు బిగించడానికి వెనుకాడతారు. ఆ భయాన్ని తేలిగ్గా తీసిపారేయకూడదు; ఒక ట్రిప్పు డీజిల్ ఖర్చు తెలిసినవారెవరూ తీసిపారేయరు.

కాబట్టి మత్స్యశాఖకు సమాచార హక్కు చట్టం కింద, పది రూపాయల రుసుముతో, ఇలా అడగండి: జనవరి నుంచి ఏప్రిల్ వరకు 5 నాటికల్ మైళ్లలోపు పట్టుబడిన మరబోట్లెన్ని, వాటిపై తీసుకున్న చర్యలేమిటి, చట్రాలు బిగించారో లేదో తనిఖీ చేసిన తేదీలేవి? సాధారణంగా 30 రోజుల్లో జవాబు రావాలి. ఆ జవాబును జతపరిచి పంపిన అర్జీని పక్కన పెట్టడం అంత సులభం కాదు. ఒక్క మనవి: ఆ కాగితంలో ‘మత్స్యకారులు’ అని గంపగుత్తగా రాయకండి. ఫైబర్ పడవల మీద చిన్న వలలు వేసుకునేవారికి ఒడ్డు దగ్గరికి వచ్చే ట్రాలర్ల వల్ల మీకంటే ఎక్కువ నష్టం. ఒప్పుకుంటే వారి సంతకాలూ చేర్చండి.

ప్రశ్న: మా వీధి దీపాల వెలుగుకు తాబేలు పిల్లలు రోడ్డు మీదికి వస్తున్నాయి. బకెట్లో పెట్టి సముద్రంలో వదలవచ్చా?
– ఒక పాఠకుడు, నీలాంగరై

జవాబు: పిల్లలు రాత్రిపూట వెలుతురున్న దిక్కుకే నడుస్తాయి, దీపాలు లేని తీరంలో ఆ దిక్కు సముద్రమే అవుతుంది. అందుకని ముందు సముద్రం వైపున్న దీపాలు ఆర్పించండి లేదా కిందికి తిప్పించండి. గుడ్లు పిగలడానికి నెలన్నరకు పైగా పడుతుంది గనుక మే నెల వరకు అలాగే ఉంచాలి. పిల్లలు కనిపిస్తే అటవీశాఖకు గాని, 1988 నుంచి ఈ తీరంలో గూళ్లను కాపాడుతున్న విద్యార్థుల సముద్ర తాబేళ్ల సంరక్షణ బృందానికి గాని కబురు చేయండి. గూడు మాత్రం తవ్వవద్దు, అది చట్టరీత్యా నేరం.