పాఠకుల ప్రశ్నలు: అల్మరాలో మిగిలిన మూడు పుస్తకాలు

ప్రశ్న: ఇటీవల కాలం చేసిన మా అన్నయ్య అల్మరాలో మూడు ఇంగ్లీషు పుస్తకాలు మిగిలాయి. ఒకటి దీపాల సాంకేతికత మీద, ఒకటి మత తత్త్వశాస్త్రం మీద, మరొకటి ఆధునిక ఇస్లాం మీద. మూడూ 1970–85 మధ్య అచ్చయినవి. దీపాల పుస్తకం అంచుల్లో ఆయన పెన్సిలుతో లెక్కలు వేసుకున్నారు. ఒకచోట ‘10 × 12 గది, సగం గోడలకే’ అని రాసి ఉంది. పాత పేపర్ల వాడికి వేసేయమని ఇంట్లో అంటున్నారు. మా అబ్బాయి పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రికల్ చదువుతున్నాడు. ఇవి ఇప్పటికీ పనికివస్తాయా?
— ఒక పాఠకురాలు, విజయనగరం

జవాబు: అమ్మా, పేపర్ల వాడికి వేయకండి. అయితే మూడింటినీ ఒకే కారణంతో దాచుకోమని చెప్పలేను. శాస్త్రగ్రంథం పాతబడే తీరు ఆ శాస్త్రాన్ని బట్టి ఉంటుంది.

దీపాల పుస్తకంలో పరికరాల అధ్యాయాలకు కాలం చెల్లింది, కొలతల అధ్యాయాలకు చెల్లలేదు. ప్రకాశవంతమైన నీలి ఎల్‌ఈడీ 1990ల మొదట్లో గాని సాధ్యపడలేదు. దాన్ని సాధించిన అకాసాకి, అమానో, నకమురాలకు 2014లో భౌతికశాస్త్ర నోబెల్ లభించింది. నేడు మన ఇళ్లలో వెలిగే తెల్లని ఎల్‌ఈడీ చాలావరకు ఆ నీలి కాంతిలో కొంత భాగాన్ని పసుపుపచ్చని ఫాస్ఫర్ (నీలి కాంతిని పీల్చుకుని పసుపు కాంతినిచ్చే పదార్థం) పూత ద్వారా మార్చి తెలుపు చేసినదే. కనుక అన్నయ్యగారి పుస్తకంలో గుండు బల్బు, చోక్, స్టార్టర్, సోడియం దీపం ఉంటాయి గాని ఇది ఉండదు. మీ అబ్బాయి ఆ లోటును కొత్త పాఠ్యపుస్తకంతో పూరించుకోవాలి.

ఇక ‘సగం గోడలకే’ అన్న మాట. అన్నయ్యగారు లెక్క సరిగానే పట్టుకున్నారు. బల్బు వెదజల్లే మొత్తం కాంతిని ల్యూమెన్లలోను, చదరపు మీటరుకు వచ్చి పడే కాంతిని లక్సులలోను కొలుస్తారు. 10 × 12 అడుగుల గది సుమారు 11 చదరపు మీటర్లు. కూర్చుని మాట్లాడుకునే గదికి 150 లక్సులు చాలనుకుంటే 1,650 ల్యూమెన్లు కావాలి. కాని బల్బు నుంచి బయలుదేరిన కాంతిలో సగమే మనకు అక్కరకు వచ్చి, మిగతా సగాన్ని గోడలు, కప్పు, బల్బు మీది దుమ్ము మింగేస్తాయనుకుంటే 3,300 ల్యూమెన్ల దీపాలు పెట్టాలి. సుమారు 700 ల్యూమెన్లిచ్చే 60 వాట్ల గుండు బల్బులైతే అయిదు, అంటే 300 వాట్లు. 900 ల్యూమెన్లిచ్చే 9 వాట్ల ఎల్‌ఈడీలైతే నాలుగు, అంటే 36 వాట్లు. పరికరం మారింది గాని గోడల వాటా మారలేదు. సున్నం వేసిన తెల్లగోడ ఆ వాటాను తగ్గిస్తుంది. మన పాత ఇళ్లలోని ముదురాకుపచ్చ గోడ పెంచుతుంది. ఆ అంచు లెక్కలను అబ్బాయి చేత మళ్లీ వేయించండి.

మత తత్త్వశాస్త్ర గ్రంథానికి ముద్రణ సంవత్సరంతో పెద్దగా పని లేదు. అది పూజావిధానం చెప్పదు, భక్తి బోధించదు. దేవుడున్నాడనడానికీ లేడనడానికీ చూపే హేతువులను తూకం వేస్తుంది. కుండకు కుమ్మరి ఉన్నట్టే కార్యమైన జగత్తుకూ కర్త ఉండాలని న్యాయదర్శన పండితుడు ఉదయనుడు తన న్యాయకుసుమాంజలి గ్రంథంలో వాదించాడు. అదే తరహా వాదాన్ని స్కాట్లాండు తత్త్వవేత్త డేవిడ్ హ్యూమ్ సంవాద రూపంలో ప్రశ్నించిన గ్రంథం ఆయన మరణానంతరం 1779లో వెలువడింది. ఒకరినొకరు ఎరుగని ఈ ఇద్దరినీ పక్కపక్కన చదివితే పుస్తకంలోని మొదటి అధ్యాయాలు సులువవుతాయి. ఆంధ్ర విశ్వవిద్యాలయానికి 1931 నుంచి 1936 వరకు ఉపకులపతిగా ఉన్న రాధాకృష్ణన్ గారి రచనలు కూడా తోడుగా పనికివస్తాయి, అయితే ఆయన అద్వైతం వైపు మొగ్గుతారన్న ఎరుకతో చదవాలి.

మూడో పుస్తకం విషయంలోనే ఎక్కువ జాగ్రత్త అవసరం. పేరులోని ‘ఆధునిక’ అన్న మాట ఎక్కడ ఆగిందో ముందు చూడండి. 1979 నాటి ఇరాన్ విప్లవానికి ముందు రాసినదైతే, మతం క్రమంగా రాజకీయాల నుంచి తప్పుకుంటుందన్న ఆనాటి ధీమా అందులో కనిపించవచ్చు. ఆధునికమంటే పాశ్చాత్యమని అనుకోవడం మరో పొరపాటు. 1875లో అలీగఢ్‌లో సర్ సయ్యద్ అహ్మద్ ఖాన్ నెలకొల్పిన విద్యాసంస్థను మాత్రమే ఆధునికమని, 1866లో మొదలైన దేవబంద్ మదరసాను పాతకాలపుదని కొట్టిపారేసే పుస్తకాలున్నాయి. నిజానికి దేవబంద్ నిర్ణీత పాఠ్యక్రమం, రాతపరీక్షలు, ప్రజల చందాలు, అచ్చుయంత్రం వంటి కొత్త పద్ధతులతోనే సంప్రదాయాన్ని నిలబెట్టుకుంది. దీన్ని చరిత్రకారిణి బార్బరా మెట్‌కాఫ్ 1982లో విపులంగా చూపారు. కవి, తత్త్వవేత్త ఇక్బాల్ ఇస్లాం గురించి మద్రాసు, హైదరాబాదు తదితర చోట్ల చేసిన ప్రసంగాలు 1930లో పుస్తకమయ్యాయి. వాటిని మీ పుస్తకం ఎంత ఓపికగా చర్చించిందో చూస్తే దాని లోతు తెలిసిపోతుంది. సంస్కర్తల రాతలనే ఆధారం చేసుకున్న పండితుడికి మన విజయనగరం బాబామెట్ట దర్గాకు హిందువులూ ముస్లిములూ కలిసి వెళ్లడం ఎందుకో అర్థం కాదు. ఆ ఖాళీని మీ ఊరే పూరిస్తుంది.

అబ్బాయి చదవనంటే చివరి రెండింటినీ జిల్లా కేంద్ర గ్రంథాలయంలో అడిగి ఇవ్వండి. మొదటిది మాత్రం ఆ పెన్సిలు రాతలతో సహా ఇంట్లోనే ఉండనివ్వండి.

ప్రశ్న: అరసవల్లిలో సూర్యకిరణాలు స్వామి పాదాలను తాకడం దీపశాస్త్రానికి చెందుతుందా, మత తత్త్వశాస్త్రానికా?
— ఒక విద్యార్థి, శ్రీకాకుళం

జవాబు: మొదట ఖగోళశాస్త్రానికి. మార్చి రెండో వారంలోను, అక్టోబరు మొదటి రోజుల్లోను ఇది జరగడం యాదృచ్ఛికం కాదు. మార్చి విషువత్తుకు (పగలూ రాత్రీ దాదాపు సమానంగా ఉండే రోజుకు) సుమారు పది రోజుల ముందు, సెప్టెంబరు విషువత్తుకు సుమారు పది రోజుల తరువాత సూర్యుడు తూర్పుకు కొద్దిగా దక్షిణంగా, దాదాపు ఒకే చోట ఉదయిస్తాడు. ద్వారం ఆ దిక్కుకు సరిగా అమరితే ఏడాదికి రెండుసార్లు కిరణాలు లోపలికి వస్తాయి. పాదాల మీద ఎంత వెలుగు పడిందో లక్స్ మీటరు చెబుతుంది. ‘కారణం తెలిసిన సంఘటన భక్తుడికి దైవసంకేతం కాగలదా?’ అన్నది మాత్రం మత తత్త్వశాస్త్రపు ప్రశ్న. ఆ పుస్తకాల్లో అద్భుతాల మీద ఉన్న అధ్యాయంతో మొదలుపెట్టండి.