అత్తగారిని రక్కిన పిల్లి: అది పగ కాదు

ప్రశ్న: మాది విజయవాడ. మా ఇంట్లో రెండేళ్ల మగపిల్లి ఉంది. మోకాలి ఆపరేషన్ తర్వాత మా అత్తగారు మాతోనే ఉంటున్నారు. ఆమెకు షుగర్ ఉంది. ఆమె గది కోసం పిల్లి లిట్టర్ బాక్సును (అది మలమూత్రాలు పోసే పెట్టెను) బాల్కనీలో వాషింగ్ మెషీన్ పక్కకు మార్చాము. ఒకరోజు పిల్లి వెల్లకిలా పడుకుంటే ఆమె ముద్దుగా పొట్ట నిమిరారు, చేయి రక్కింది. తర్వాత పిల్లి ఆమె మంచంమీద రెండుసార్లు మూత్రం పోసింది. ‘నామీద పగబట్టింది, ఎక్కడైనా వదిలేసి రండి’ అంటున్నారు. మావారిదీ అదే మాట. ఐదో తరగతి చదివే మా పాప అన్నం మాని ఏడుస్తోంది. నేనేం చేయాలి?

జవాబు: ముందుగా మీ అత్తగారి చేతి సంగతి చూడండి. షుగర్ ఉన్నవారికి పిల్లి గోటి గాయం చిన్నదైనా చీము పట్టే ప్రమాదం ఉంది; రేబిస్ విషయంలోనూ పిల్లిని తేలికగా తీసుకోకూడదు. రక్కిన వెంటనే ధారగా పడే నీటితో, సబ్బుతో 15 నిమిషాలు కడిగి, అదే రోజు డాక్టరుకు చూపించాలి. ఇంకా చూపించకపోతే ఈరోజే మీరే దగ్గరుండి తీసుకెళ్లండి. ఈ ఇంట్లో తనకంటే పిల్లికే విలువ ఎక్కువన్న బాధ ఆమె మనసులో ఉన్నంతకాలం, పిల్లి గురించి మీరు చెప్పే ఏ మాటా ఆమె చెవికెక్కదు.

పిల్లి పొట్ట చూపించి పడుకోవడం నమ్మకానికి గుర్తే గానీ, నిమరమన్న పిలుపు కాదు. దాని ఒంట్లో అన్నిటికంటే రక్షణ లేని భాగం అదే కనుక, అక్కడ చేయి పడగానే చాలా పిల్లులు కాళ్లతో పట్టుకొని రక్కుతాయి. సాధారణంగా అంతకుముందే ‘ఇక చాలు’ అని చెబుతాయి: తోక చివర టపటపా కొట్టుకుంటుంది, వీపుమీది చర్మం జలదరించినట్లు కదులుతుంది, చెవులు పక్కలకు తిరుగుతాయి, కనుపాపలు పెద్దవవుతాయి, తల చటుక్కున చేతివైపు తిరుగుతుంది. కుక్కలను చూసి అలవాటుపడిన మనం పిల్లి తోక ఊపినా సంతోషమే అనుకుంటాము, కానీ అది చాలావరకు విసుగు. తోకను నిటారుగా ఎత్తి ఎదురు రావడమే పిల్లి పలకరింపు. గుర్రుగుర్రుమంటోంది కదా అని ధైర్యపడటానికీ లేదు, ఎందుకంటే నొప్పిలోనూ పిల్లులు ఆ చప్పుడు చేస్తాయి.

మంచంమీద మూత్రం పోయడాన్ని మీ ఇంట్లో అందరూ పగ అనుకుంటున్నారు, నాకు అన్నిటికంటే ఆందోళన కలిగించినది ఇదే. పగ తీర్చుకోవడానికి పిల్లి అలా చేయదు. తనదనుకున్న గదిలోకి కొత్త మనిషి, కొత్త మందుల వాసన వచ్చాయి. లిట్టర్ బాక్సు చప్పుడు చేసే యంత్రం పక్కకు పోయింది. ఈ కలవరమే కారణం కావచ్చు, మూత్రాశయ వ్యాధీ కావచ్చు. కాబట్టి పశువైద్యునికి తప్పక చూపించండి. మగపిల్లి పదేపదే ముక్కుతూ కూర్చున్నా చుక్క రాకపోతే మాత్రం మూత్రనాళం మూసుకుపోయి ఉండవచ్చు. అది ఒకటి రెండు రోజుల్లో ప్రాణం తీయగల స్థితి, గంట కూడా ఆలస్యం చేయవద్దు. పిల్లి ముఖంలో నొప్పిని గుర్తించడానికి మాంట్రియల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2019లో ఒక కొలమానం ప్రచురించారు. చెవులు, కళ్లు, మూతి, మీసాలు, తల నిలిపే తీరు అనే ఐదింటిని అందులో చూస్తారు. చెవులు పక్కలకు వాలి, కళ్లు సగం మూసుకొని, తల భుజాలకంటే కిందికి దిగి ఉంటే నొప్పి ఉందని అనుమానించాలి.

లిట్టర్ బాక్సును ప్రశాంతమైన మూలకు మార్చండి. పరుపును మూత్రపు వాసన పూర్తిగా పోగొట్టే ఎంజైమ్ ద్రావణంతో శుభ్రం చేయించి, అత్తగారి గది తలుపు వేసి ఉంచండి. మోకాలి కట్టుతో నడిచే మనిషికి పిల్లి కాళ్లకు అడ్డం పడటమూ ప్రమాదమే. ఆమెకు ఇష్టమైతేనే, అదీ పిల్లి తనంతట తాను వచ్చినప్పుడే, వేలు ముందుకు చాపి, అది చెంప రుద్దితే అక్కడే ఒకటి రెండుసార్లు నిమిరి ఆపేయమనండి. తాకకుండానే స్నేహం చేసే దారీ ఉంది: ఎదురుగా కూర్చొని కళ్లు నెమ్మదిగా మూసి తెరిస్తే పిల్లులూ అలాగే బదులిస్తాయని, అలా చేసిన కొత్తవారి దగ్గరికి రావడానికి ఎక్కువ ఇష్టపడతాయని ఇంగ్లండులోని ససెక్స్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2020లో చూపించారు. ఈ గుర్తులన్నీ నాయనమ్మకు చూపించే పని పాపకు అప్పగించండి. ఏడుస్తూ కూర్చోవడంకంటే అది ఆ పిల్లకు ఎంతో మేలు.

మీవారితో విడిగా మాట్లాడి ఒక నెల గడువు అడగండి. అమ్మకు దెబ్బ తగిలిందన్న ఆయన కోపాన్ని తప్పుపట్టవద్దు. కానీ ఇంట్లో పెరిగిన పిల్లిని వీధిలో వదిలితే అది ఆకలికి అలమటిస్తుందని, అలా వదిలివేయడం 1960 నాటి జంతు క్రూరత్వ నివారణ చట్టం కింద నేరమని స్పష్టంగా చెప్పండి. నెల తర్వాత కూడా అత్తగారి భయం తగ్గకపోతే, పిల్లులతో అలవాటున్న బంధువులకో స్నేహితులకో అప్పగించండి. ఆ నిర్ణయాన్ని మాత్రం పాపకు ముందే చెప్పి, అప్పగించే రోజు తననూ వెంట తీసుకెళ్లండి.