మావాడు మంచు మీద కూర్చుని చేపల్ని పొడుస్తున్నాడు!

ప్రశ్న: మాది తిరుపతి. మా అబ్బాయి అమెరికాలో, మిన్నెసోటాలో ఉద్యోగం చేస్తున్నాడు. మొన్న వీడియో కాల్‌లో చూస్తే, గడ్డకట్టిన సరస్సు మీద కారు ఆపి, కిటికీల్లేని చిన్న గదిలో చీకట్లో ఈటె పట్టుకుని కూర్చున్నాడు! ఆ మంచు విరిగితే? అసలు అంత చలికి కింద చేపలెలా బతుకుతాయి? ఒకటే టెన్షన్. – ఒక తల్లి

జవాబు: ముందు చేపల సంగతి చెప్తానమ్మా, అది తేలిక. నీళ్లు 4 డిగ్రీల దగ్గర అన్నిటికంటే బరువుగా ఉంటాయి, అంతకంటే చల్లబడితే తేలికై పైకొస్తాయి, అందుకే సరస్సు పైనే గడ్డకడుతుంది. అడుగున 4 డిగ్రీల నీళ్లలో చేపలు మందకొడిగా తిరుగుతుంటాయి.

ఇక చీకటి గది. పగటి వెలుతురు చుట్టూ ఉన్న మంచులోంచి నీళ్లలోకి దిగుతుంది. గదిలో చీకటి కాబట్టి నేల మంచులో కోసిన కన్నం మాత్రం టీవీలా పచ్చగా వెలుగుతుంది. అందులోకి రంగులేసిన చెక్క చేపను దారంతో వదిలి ఆడిస్తారు, రేకు రెక్కలుండటం వల్ల అది గుండ్రంగా ఈదుతుంది. దాన్ని చూసి పైక్ అనే పొడుగుమూతి చేప వస్తే, తాడు కట్టిన ఈటెతో పొడవడమే. మా తమ్ముడితో నేనూ ఓసారి కూర్చున్నా. రెండు గంటలు ఏమీ లేదు. తీరా ఒకటి వచ్చేసరికి "అదిగో!" అని అరిచా, మాయం. వాడు ఇప్పటికీ దెప్పుతాడు. పైక్‌ను పొడవచ్చు కానీ వాల్ఐ, మస్కీ లాంటి వేరే చేపల్ని పొడవకూడదు, అందుకే ఏ చేపో తెలిశాకే ఈటె వదలాలి. లైసెన్సూ కావాలి.

భయం గురించి అడిగారు కదా, అనవసరమని అనను. గట్టి మంచు నడవడానికి కనీసం 4 అంగుళాలు, చిన్న కారుకైతే 9, 10 అంగుళాలు ఉండాలంటారు, తెల్లగా పాలిపోయిన మంచైతే దానికి రెట్టింపు. అయితే ఒకే సరస్సులో ఇక్కడ పది ఉంటే, వాగు కలిసే చోట మూడే ఉండొచ్చు. నిన్న ఎవరో కారు తీసుకెళ్లారని ఈ రోజు వెళ్లకూడదు, కన్నాలు వేసి కొలుచుకుంటూ పోవాలి. పడితే పాకి పైకి రావడానికి రెండు మేకుల పిడులు మెడలో తాయెత్తులా వేసుకుంటారు, మీవాడికి ఉన్నాయో లేదో కనుక్కోండి. నాకు మంచు కంటే ఎక్కువ భయం గదిలో పెట్టే హీటర్. గాలి ఆడకపోతే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు పేరుకుంటుంది, వాసన రాదు, నిద్ర వచ్చినట్టే ఉంటుంది.

మానేయమంటే మానడు, మీకు చెప్పడం మానేస్తాడు. కాబట్టి ఫోన్ చేసినప్పుడు "ఈ రోజు ఎన్ని అంగుళాలుంది నాన్నా?" అని అడగండి. "బాగానే ఉందమ్మా" అంటే మాత్రం వదలకండి, అంకె చెప్పమనండి.